మేస్టారు మలుపు తిరిగారు

2023 కార్తీకమాసంలో ఒక ఆదివారం సాయంత్రం మా ఆవిడ నా మోటారు సైకిలు దిగింది. దిగింది అని మర్యాదకి అంటున్నాను. అసలు సంగతేమిటంటే ఆమె దిగనూ లేదు, నేను దింపనూ లేదు. బండే మా ఇద్దరినీ అనంతగిరి ఘాటురోడ్డు మీద ఒక మలుపులో దించేసి, తాను మరో పది అడుగులు జారి ఆగింది. ఆ తరువాత పదమూడు నెలల పైచిలుకు ఆమె దానిమీద కూర్చోలేదు. కూరల బజారుకైనా సరే, ఆటో. పక్కవీధిలో పేరంటానికైనా సరే, నడక.

తెలుగు మేష్టారు పద్యాల సంగతులు చెప్పక బళ్ళ సంగతి ఎత్తుకున్నాడేమిటని విసుక్కునే పాఠకులుంటే, ఈ ఒక్క వారానికీ క్షమించాలి. నాకు బొత్తిగా తెలియని విద్య ఒకటి, తెలుసుననుకుని ఇరవై రెండేళ్ళు చేస్తూ వచ్చాను. ఆ మాట ఎక్కడో ఒకచోట ఒప్పుకోవాలి. ఇంట్లో ఒప్పుకోవటానికి ధైర్యం చాలక ముందు మీదగ్గర ఒప్పుకుంటున్నానని కొందరు అనుకోవచ్చు. కాదు. ఇంట్లో ఒప్పుకున్న తరువాతే వ్రాస్తున్నాను.

ఆ రోజు వనభోజనాలకని అరకు వెళ్ళాం. పొద్దున్నే శృంగవరపుకోట దాటి, బొడ్డవర మీదుగా కొండ ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ కలగలేదు. ఎక్కుడులో బండి దానంతట అదే నెమ్మదిస్తుంది. మనం చేసే తప్పులు సగం కొండే దిద్దుకుంటుంది. దిగుడులో ఆ దయ ఉండదు. సాయంత్రం తిరుగు ప్రయాణంలో అనంతగిరి దాటాక, ఎడమవైపు తిరిగే ఒక వంపు వచ్చింది. కుడిపక్క లోయ. లోయ అంచున నలుపూ తెలుపూ పట్టెలు పూసిన పిట్టగోడ. వేగం ఎక్కువైందని వంపులోకి దిగిన తరువాత గాని నాకు తోచలేదు. తోచగానే నా కళ్ళు ఆ పిట్టగోడ మీదికి పోయాయి. పోయి అక్కడే అతుక్కున్నాయి. బండి కూడా, నా కళ్ళకి తోడు వెళ్ళాలన్నట్టు, ఆ గోడవైపే నడిచింది. కుడిచేతి వేళ్ళు నాలుగూ ఒక్కమాటుగా ముందు బ్రేకును పిసికాయి. ఆ తరువాత నాకు ఆకాశం కనిపించింది.

ఎదురుగా ఏ బస్సూ రాకపోవటం మా అదృష్టం. మా ఆవిడకి ఎడమ మణికట్టు విరిగింది. నాకు మోకాలు చెక్కుకుపోయింది. ఆమె తలకి హెల్మెట్టు లేదు. నాకు మాత్రం ఉంది. ఈ వాక్యం వ్రాస్తుంటే ఇప్పటికీ కలం ఆగుతున్నది. తల రోడ్డుకు తగల్లేదు గనక ఇది కబురు చెప్పుకునే కథ అయింది.

మమ్మల్ని జీపులో కిందికి దింపిన పుణ్యాత్ములతో నేను అన్న మొదటి మాట, "ఇసకండీ, రోడ్డుమీద ఇసక" అని. ఆసుపత్రిలోనూ అదే చెప్పాను. చూడవచ్చిన బంధువులకీ అదే చెప్పాను. నాలుగో రోజుకి ఆ ఇసక రంగు, మందం కూడా వర్ణించేటంతటి వాణ్ణయ్యాను. వర్ణన మా వృత్తి గదా! మా ఆవిడ ఆ మాట కాదనలేదు. పైపెచ్చు మా బావమరిది, "జాగ్రత్తగా నడపకూడదూ, బావా?" అని కొంచెం గట్టిగా అన్నప్పుడు, ఆమే కట్టుకట్టిన చెయ్యి పైకెత్తి, "ఇసక ఉందిరా, ఆయనేం చేస్తారు?" అన్నది. అన్నది నావైపు చూడకుండా.

ఆరు వారాలకి కట్టు విప్పారు. ఆమె బండి ఎక్కలేదు. నేనూ రమ్మనలేదు.

మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుడొకడున్నాడు. ఇద్దరి బరువు ఉండటంవల్లే బండి అదుపు తప్పిందని అతని ముందు ఒక సిద్ధాంతం లేవదీశాను. ఆయన సుద్దముక్క తీసి బల్లమీదే లెక్క వేశాడు. వంపులో బండి ఎంత ఒరగాలన్నది వేగమూ, వంపు తాలూకు వ్యాసార్ధమూ నిర్ణయిస్తాయి; బరువు లెక్కలోంచి కొట్టుకుపోతుంది. 20 మీటర్ల వ్యాసార్ధం గల వంపులో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతే బండి సుమారు 9 డిగ్రీలు ఒరిగితే చాలు. 30 అయితే 20 డిగ్రీలు. 40 అయితే 32. అదే వంపులో 60తో పోవాలంటే 55 డిగ్రీలు ఒరగాలి. పందెపు బాటలమీద, ప్రత్యేకమైన టైర్లతో, మోటో జీపీ వీరులు 60 డిగ్రీలు దాటి ఒరుగుతారు గాని, అది నాకూ నా బండికీ చెల్లే విద్య కాదు. "వేగం రెట్టింపయితే అవసరం నాలుగింతలవుతుందోయ్. నువ్వు మీ ఆవిడ బరువు మీదికి తొయ్యకు" అని సుద్ద దులుపుకున్నాడు.

లెక్క అర్థమయింది. అర్థమైనంత మాత్రాన బండి తిరుగుతుందా? ఛందస్సు వచ్చిన వాళ్ళందరూ కవులవుతున్నారా?

నాకు ఆ విద్య నేర్పినవాడు నా పాత శిష్యుడు. ఇంటరులో నా దగ్గర తెలుగు చదివాడు. చదివాడనటం కూడా మర్యాదకే. అర్ధసంవత్సరపు పరీక్షలో వాడికి 34 వేసిన చేతులు ఇవే. ఇంకొక్క మార్కు వేస్తే గట్టెక్కేవాడు. గణవిభజన పొరపాటు చేశాడని నేను వెయ్యలేదు. ఇప్పుడు మా ఊళ్ళో మెకానిక్కు షెడ్డు పెట్టుకున్నాడు. వంగిన ఫుట్‌రెస్టు సరిచేయించటానికి బండి తోసుకుంటూ వెళితే, వాడు దాన్ని చూడకుండా ముందు వెనక టైరు దగ్గర గొంతుకూర్చున్నాడు.

"మేస్టారూ, ఇటు సూడండి. టైరు మజ్జిలో అరిగిపోయి నున్నగుంది. అంచులు సూడండి, కొత్తగా షాపులోంచి తెచ్చినట్టున్నాయి. ఇన్నేళ్ళూ మీరు మలుపులు తిరగలేదండి. మలుపులే మిమ్మల్ని పోనీలే అని ఒగ్గేశాయి."

"ఇసక..." అన్నాను.

వాడు టైరు మీంచి తల ఎత్తలేదు. "ఇసకయితే ఎనక చక్రం కూడా అడుగుద్దండి. మీరు ముందు బ్రేకు పట్టేశారు" అన్నాడు, పరీక్ష పేపరు దిద్దుతున్నట్టుగా.

మరుసటి ఆదివారం నుంచి కాలేజీ మైదానంలో నా చదువు మొదలయింది. మూడు నెలలు సాగింది. మొదటి పాఠంలోనే నేను తప్పాను.

"ఎడమకి తిరగాలంటే ఏం సేత్తారండి?" అన్నాడు.

"హ్యాండిలు ఎడమకి తిప్పుతాను."

"కాదండి. ఎడమ పిడి ముందుకి తోత్తారు. అంటే చక్రం కుడికి తిరగాల."

నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. 34 మార్కుల బాకీ తీర్చుకుంటున్నాడేమో ననిపించింది. కాని మైదానంలో తిన్నగా 30తో పోతూ ఎడమ పిడిని అరచేత్తో కొంచెం, తలుపు ఓరగా తోసినంత, ముందుకి తోస్తే, బండి ఎడమకే ఒరిగి ఎడమకే తిరిగింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. కుడిపిడి తోస్తే కుడికి. ఇరవై రెండేళ్ళుగా నా చేతులు నాకు చెప్పకుండా ఈ పని చేస్తూనే ఉన్నాయన్నమాట. కంగారు పుట్టినప్పుడు మాత్రం మరిచిపోయేవి.

కారణం చిన్నదే. చిన్నప్పుడు అరచేతిమీద కర్ర నిలబెట్టే ఆట ఆడినవాళ్ళకి ఇట్టే బోధపడుతుంది. నిలబడ్డ కర్ర ఎడమకి ఒరగాలంటే అరచెయ్యి కుడికి జరపాలి. అలాగే కింద ముందుచక్రం క్షణంసేపు కుడికి జరిగితే, పైనున్న బండీ మనిషీ ఎడమకి ఒరుగుతారు. ఒరిగిన తరువాత చక్రం తనంత తాను ఎడమకి సర్దుకుని వంపు వెంట పోతుంది. మనిషి నడకంత వేగంతో పోయేటప్పుడు మాత్రం ఈ చిత్రం అగపడదు. అప్పుడు ఎటు తిప్పితే అటే.

ఇది నిన్నమొన్నటి సంగతి కాదు. స్కాట్లండు ఇంజనీరు విలియం రాంకిన్ 1869లోనే, సైకిళ్ళు ఇంకా తప్పటడుగులు వేస్తున్న రోజుల్లో, దీన్ని గురించి వ్రాశాడు. విమానం ఎగరేయకముందు సైకిళ్ళ కొట్టు నడిపిన రైటు సోదరులలో పెద్దవాడు విల్బర్, సైకిలెక్కే వాళ్ళను ఎందరినో అడిగి చూశాడట, ఎడమకి ఎలా తిరుగుతారని. తాము ముందు కుడికి తిప్పుతున్నామని వాళ్ళకి తెలియనే తెలియదు. చేతికి తెలిసింది నోటికి తెలియకపోవటం నా ఒక్కడి జబ్బు కాదని కొంత ఊరట కలిగింది. అమెరికాలో మోటారు సైకిలు బడి పెట్టిన కీత్ కోడ్ ఒక బండికి, మామూలు హ్యాండిలుతో పాటు, కదలకుండా బిగించిన మరో జత పిడులు అమర్చాడు. ఒళ్ళు వంచి బండి తిప్పుతామనే వాళ్ళను ఆ బిగింపు పిడులు పట్టించి తిప్పమంటాడు. బండి కాస్త అటూ ఇటూ ఊగుతుందేగాని, మలుపు తిరగమంటే సరిగా తిరగదు.

రెండో పాఠం కళ్ళది. ఇదే నాకు అన్నిటికంటె కష్టమైంది. మైదానంలో కొబ్బరిచిప్పలు గుండ్రంగా పేర్చి, వాటి వెంట తిరగమన్నాడు. నేను ఒక్కొక్క చిప్పనే చూస్తూ, ఒక్కొక్క చిప్పనే తొక్కుకుంటూ పోయాను. తొక్కకూడదు అనుకున్న చిప్పనే తొక్కాను. అప్పుడు వాడు వలయానికి ఆవలి పక్కకు వెళ్ళి నిలుచుని, చెయ్యి పైకెత్తాడు.

"ఎన్ని ఏళ్ళండి?"

"మూడు!"

"ఇప్పుడు?"

"అయిదు! కాదు, నాలుగు!"

అలా వాడు వలయం చుట్టూ జరుగుతూ, వేళ్ళు చూపుతూ, నా చేత లెక్క చెప్పిస్తూ, పావుగంటసేపు తిప్పాడు. క్రికెట్టు ఆడవచ్చిన నా ప్రస్తుత విద్యార్థులు బ్యాటు కిందపెట్టి ఈ వింత చూస్తున్నారు. వాళ్ళ తెలుగు లెక్చరరు మోటారు సైకిలెక్కి గిరగిర తిరుగుతూ "రెండు! అయిదు! ఒకటి!" అని అరుస్తున్నాడు. పరువు సంగతి అటుంచితే, దిగి చూసుకున్నప్పుడు ఒక్క చిప్పా కదల్లేదు.

"సూసినకాడికే ఎల్తాదండి బండి. గోడని సూత్తే గోడకే ఎల్తాది. మీరు ఎక్కడికి ఎల్లాలో అక్కడే సూడాల" అన్నాడు. పిట్టగోడ సంగతి నేను వాడితో చెప్పలేదు.

మాట వచ్చింది గనక ఒక చిన్న విషయం. మనం వంపు, మలుపు అనే రెండు మాటలనీ కలిపేసి వాడుతూ ఉంటాం. నాకు ఇప్పుడు తేడా తెలిసింది. రోడ్డుకు ఉన్నది వంపు. మనం చేసేది మలుపు. వంపు మన చేతిలో లేదు.

మూడో పాఠం వేగానిది. ఉన్న పని అంతా వంపుకు ముందే ముగించుకోవాలి. బ్రేకు వెయ్యటం, గేరు తగ్గించటం, ఏ పక్కన ప్రవేశించాలో నిర్ణయించుకోవటం, అన్నీ బండి నిటారుగా ఉండగానే. తరువాత ఒరగటం. ఒరిగిన తరువాత యాక్సిలరేటరు కొద్దిగా, నిలకడగా పట్టి ఉంచటం. భయపడ్డ చెయ్యి దాన్ని ఒక్కసారిగా వదిలేస్తుంది. వదిలితే బరువు ముందుకు తూలి బండి బెదురుతుంది.

దీన్ని నేను నెలజీతంతో పోల్చుకున్నాను. టైరు నేలను పట్టుకునేది అరచెయ్యంత మేర కూడా ఉండదు. ఆ పట్టే మన జీతం. తిరగటానికీ అందులోంచే ఖర్చు, ఆగటానికీ అందులోంచే. జీతమంతా మలుపుకే తగలేసి, నెలాఖరున బ్రేకు వచ్చి చెయ్యి చాస్తే, ఇచ్చేందుకు ఏముంటుంది? ఆ రోజు నేను చేసింది అదే. నా బండి 2014 నాటిది, ఏ.బి.ఎస్. లేదు. 2019 ఏప్రిలు నుంచి 125 సీసీలు దాటిన కొత్త బళ్ళకి అది తప్పనిసరి చేశారు. చాలా మంచి పని. కాని మామూలు బళ్ళలో అది నిటారుగా పోయేటప్పుడు కాపాడినంత గట్టిగా ఒరిగినప్పుడు కాపాడదని మా గురువుగారు హెచ్చరించారు. గురువుగారు అని ఎప్పుడు మొదలుపెట్టానో నాకే గుర్తు లేదు.

వర్షాలు వెనకబట్టాక ఘాటు మీదికి తీసుకువెళ్ళాడు. తాను ముందు, నేను వెనక. తైడ దాటిన దగ్గర్నుంచి ప్రతి వంపూ ఒక కొత్త ప్రశ్నే. వంపులో రోడ్డు రెండు అంచులూ దూరాన కలిసినట్టు ఒక చోటు కనబడుతుంది. మనం పోతున్నకొద్దీ ఆ చోటు మనకంటె ముందుకు పరుగెత్తుతుంటే వంపు విప్పుకుంటున్నదన్నమాట, పోవచ్చు. అది నిలబడిపోయినా, మనమీదికి వస్తున్నట్టున్నా, వంపు ఇంకా బిగుస్తున్నది, తగ్గాలి. కంటికి కనిపించినంత మేరలో ఆగగలిగే వేగమే వేగం. కుడివంపులో మధ్యగీతకు ఆనుకుని పోకూడదు. చక్రాలు మన పక్కనే ఉన్నా ఒరిగిన తల ఎదుటివాడి దారిలోకి వెళుతుంది. అక్కడ ఆర్టీసీ బస్సు వస్తుంది. మెలిక మలుపుల్లో అంత పొడుగు బస్సు రోడ్డంతా తీసుకోక తప్పదు, అది దాని తప్పూ కాదు. హారను కొట్టి, ఆగి, దారి ఇవ్వటమే మర్యాద.

ఇక రోడ్డు రంగు చూడటం ఒక విద్య. సిల్వరు ఓకు చెట్ల నీడలో తడి ఆరదు. రాలిన ఆకుల కింద నాచు. బస్సు ఒరిగినచోట డీజిలు చుక్కలు ఇంద్రధనుస్సులా మెరుస్తాయి. మైదానంలో దిగాక ట్రాక్టరు చక్రాల బురద, రోడ్డుమీద ఆరబోసిన ధాన్యం. ఇసక కూడా, నిజమైన ఇసక, రెండుచోట్ల చూశాను. చూసి, ముందే నెమ్మదించి, నిటారుగా దాటాను. దాటుతుంటే మొహం కాస్త వేడెక్కింది.

నాలుగుసార్లు ఎక్కిదిగాం. నాలుగోసారి శృంగవరపుకోటలో టీ తాగుతూ, వాడు వంగి నా టైరు అంచు వేలితో రాసి చూశాడు. ఏమీ అనలేదు. "ఎన్ని మార్కులోయ్?" అన్నాను. "ముప్పయ్యయిదు ఎయ్యొచ్చండి" అన్నాడు.

2025 సంక్రాంతి సెలవుల్లో, కనుమ మర్నాడు, నేను బండి తుడుచుకుంటూ ఉంటే మా ఆవిడ వాకిట్లోకి వచ్చి నిలుచుంది. పంజాబీ దుస్తులు వేసుకుని ఉంది. చేతిలో కొత్త హెల్మెట్టు. అది ఎప్పుడు కొన్నదో నాకు తెలియదు.

"ఈసారి ఒకపక్కకి కూర్చోను. రెండు పక్కలా కాళ్ళు వేసే కూర్చుంటాను" అన్నది.

మన స్త్రీలు చీరతో రెండు కాళ్ళూ ఎడమపక్కకే వేసుకు కూర్చోవటం చిన్న విషయం కాదు. బరువు ఒకపక్కకు లాగుతుంది. ఎడమ మలుపులో రోడ్డు మొహంమీదికి లేచి వస్తున్నట్టుండి, పాపం, వెనక్కి ఒరుగుతారు. బండి ఒకవైపు, మనిషి మరొకవైపు. చక్రంలో కొంగు పడకుండా జాలీ బిగించినవాళ్ళు ఈ సంగతికి మాత్రం ఏ ఉపాయమూ చేయలేకపోయారు. నేను ఆమెకి చెప్పింది ఒకటే: ఎటు తిరిగితే ఆ పక్క భుజం మీదుగా ముందుకు చూడు, నాతోపాటు ఒరుగు, ఇంకేమీ చెయ్యకు.

"మీరు చూడవలసిన చోటు చూస్తే చాలు" అన్నది.

అనంతగిరి దాకా వెళ్ళి, కాఫీ తాగి, తిరిగి దిగటం మొదలుపెట్టాం. ఎక్కేటప్పుడు ఆమె చేతులు నా భుజాన్ని గోళ్ళు దిగేటట్టు పట్టుకున్నాయి. సగం కొండకి గోళ్ళు పోయి వేళ్ళు మిగిలాయి. దిగేటప్పుడు ఒక్క చెయ్యే ఉంది.

ఆ వంపు వచ్చింది. ఆ పిట్టగోడ, ఆ పట్టెలు. ముందుగానే బ్రేకు వేసి రెండో గేరులోకి దించాను. ఎడమ పిడి తోశాను. గోడ అక్కడే ఉందని తెలుసు, చూడలేదు. రోడ్డు ఎక్కడ విప్పుకుంటుందో అక్కడ చూశాను. బండి తిరిగింది, ఆమెతో సహా. స్పీడోమీటరు నేను చూడలేదుగాని 25 దాటి ఉండదు.

దాటిన తరువాత కొంచెం వెడల్పైన చోట బండి పక్కకు తీసి ఆపాను. ఇద్దరం హెల్మెట్లు తీసి వెనక్కి చూశాం. ఎండలో రోడ్డు నల్లగా, శుభ్రంగా ఉంది.

"ఆ రోజు ఇక్కడ ఇసక లేదు" అన్నాను.

"తెలుసు" అన్నది. "నేను పడింది రోడ్డుమీదేగా."

కాసేపటికి మళ్ళీ తనే, "ఇక పదండి, చీకటి పడితే మళ్ళీ మీకు కళ్ళు ఆనవు" అని హెల్మెట్టు పట్టీ బిగించుకుంది.